తలుపు మీద కాగితం

కొన్నేళ్ల కిందట సియాటిల్ దగ్గర ఒక కొండదారి మొదట్లో నిలబడి ఉన్నాం, నేనూ మా అమ్మాయీ. అక్కడ నడకదారి మొదలయ్యే చోట చిన్న చూరు కప్పిన చెక్కబోర్డు ఉంటుంది. దానిమీద దారి పటం, ఎలుగుబంటి ఎదురైతే ఏం చెయ్యాలో, మంటలు వెయ్యొద్దన్న హెచ్చరిక, ఎవరిదో తప్పిపోయిన కుక్క ఫొటో. కిందనున్న పెట్టెలో ఒక పుస్తకం, దానికి తాడుతో కట్టిన పెన్సిల్. లోపలికి వెళ్లేవాళ్లు పేరు, ఎంతమందో, ఎక్కడిదాకానో, ఎప్పుడు తిరిగొస్తారో రాసి వెళ్లాలి. రాకపోతే వెతకడానికి. నాకా ఏర్పాటు చాలా ముచ్చటేసింది. ఎవరూ కాపలా లేని అడవి మొదట్లో ఒక పెన్సిల్ మనకోసం ఎదురుచూడడం!

మా అమ్మాయి రాస్తుంటే తొంగిచూశాను. పేరు పూర్తిగా రాయలేదు, పొడి అక్షరాలే వేసింది. "ఒక్కదాన్నే వచ్చినప్పుడు కూడా ఇద్దరం అనే రాస్తానమ్మా. ఈ పుస్తకం ఎవరైనా తెరిచి చూడొచ్చు కదా" అంది మామూలుగా.

రక్షణ కోసం పెట్టిన పుస్తకంలో రక్షణ కోసమే అబద్ధం రాయాల్సిరావడం! ఆ రోజు నడకంతా నాకు అదే ఆలోచన. ఇంకో సంగతి కూడా గుర్తొస్తూ ఉంది. అది మా అమ్మమ్మ ఇంటి తలుపు.

నోటీసుబోర్డు కనబడితే ఆగి చదవడం నా బలహీనత. పంచాయతీ ఆఫీసు అరుగు మీదైనా, రైల్వేస్టేషన్లోనైనా, గ్రంథాలయం గుమ్మంలోనైనా, తుప్పు పట్టిన పిన్నుల కింద పొరలు పొరలుగా ఉన్న కాగితాలన్నీ చదివేదాకా కాళ్లు కదలవు. చరిత్ర పాఠం చెప్పుకుని బతికినదాన్ని కాబట్టి అది వృత్తిరోగం అని నవ్వుకునేదాన్ని. ఇప్పుడాలోచిస్తే దాని మూలం మరెక్కడో ఉందనిపిస్తుంది. మా ఇంట్లో ఆడవాళ్లు చదవలేకపోయిన ఒక కాగితం ఖరీదు ఎకరం ఎనభై సెంట్ల మాగాణి.

అది 1958. తాతయ్య తుంగభద్ర ఆయకట్టులో భూములు చవగ్గా దొరుకుతున్నాయని, కోస్తా నుంచి చాలామంది వెళ్లినట్టే తనూ చూసొద్దామని వెళ్లి రెండు నెలలు అక్కడే ఉండిపోయాడు. అంతకుముందు ఒక బంధువు రాసిన ప్రోనోటుకి హామీగా సంతకం పెట్టి ఉన్నాడు. ఆ బంధువు డబ్బు కట్టలేదు. అప్పిచ్చినాయన ఇద్దరిమీదా దావా వేశాడు. కోర్టు అమీనా సమన్లు పట్టుకుని వచ్చేసరికి ఇంట్లో ఉన్నది అమ్మమ్మ, ఆవిడ అత్తగారు, పదేళ్ల మా మామయ్య. అమ్మ గుంటూరులో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటోంది.

"మగవాళ్లెవరూ లేరామ్మా?" అని అడిగాడట.

"లేరు బాబూ, ఊరెళ్లారు. ఏంటో నాకివ్వండి, వచ్చాక ఇస్తాను."

"మీకు ఇవ్వకూడదమ్మా."

ఇవ్వకుండా, ఆవిడ చూస్తుండగానే, బయటి తలుపుకి జిగురు రాసి కాగితం అంటించాడు. వెంట వచ్చిన వెట్టివాడి చేత సాక్షిగా వేలిముద్ర వేయించుకుని వెళ్లిపోయాడు. మామయ్య కూడబలుక్కుని తాతయ్య పేరొక్కటీ చదవగలిగాడు. తక్కినదంతా గొలుసుకట్టు రాత. ఆ రోజుల్లోనే దోమలమందు కొట్టేవాళ్లు వచ్చి తలుపుల మీద ఏవేవో అంకెలూ తారీఖులూ రాసి పోతుండేవాళ్లు. ఇదీ అలాంటి సర్కారు రాతే అయుంటుందిలే, ఆయనొచ్చాక చూసుకుంటారు అనుకుంది అమ్మమ్మ. పైగా తలుపు మీద అంటించినదాన్ని పీకితే తప్పేమో అన్న భయం. మూడోరోజు దూడ వచ్చి, పిండి జిగురు రుచి మరిగి, కాగితాన్ని సగం నాకేసింది. ఇది చెప్పినప్పుడల్లా అమ్మమ్మ నవ్వేది. మేమూ నవ్వేవాళ్లం. నవ్వాక ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడేది కాదు.

కోర్టు లెక్కలో మాత్రం సమను చక్కగా అందినట్టే. వాయిదాకి తాతయ్య హాజరు కాలేదు కాబట్టి ఎక్స్‌పార్టీ డిక్రీ అయింది. ఆయన తిరిగొచ్చాడు కానీ ఆ కాగితం సంగతి ఎవరూ ముఖ్యమైనదిగా చెప్పలేదు, ఆయనా అడగలేదు. కొన్ని నెలల తర్వాత జప్తు. ఆ తర్వాత వేలం.

తాతయ్య పోయేదాకా ఇంట్లో ఏ నష్టం వచ్చినా "దూడ మేసిన కాగితం" ప్రస్తావన వచ్చేది. నేరం దూడది కాదు, అమ్మమ్మదన్నమాట. "చదువురాని మొద్దు" అన్న మాట ఆవిడ నలభై ఏళ్లు పడింది.

తాతయ్య ట్రంకుపెట్టెలో ఆ దావా కాగితాల నకళ్లు నా చేతికి వచ్చింది చాలా ఆలస్యంగా. అమీనా రిపోర్టులో ఒక వాక్యం ఉంది. ఇంట్లో మగవారెవరూ లేనందున సమను బయటి తలుపుకు అంటించడమైనది అని. రెండేళ్ల తర్వాత, మరేదో పనిమీద సివిల్ ప్రొసీజర్ కోడ్ తిరగేస్తుంటే ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది. 1908 నాటి ఆ కోడ్‌లో ఐదో ఆర్డరు, పదిహేనో రూలు. ప్రతివాది ఇంట్లో లేకపోతే, అతనితో కలిసి ఉంటున్న కుటుంబంలోని వయసొచ్చిన మగవాడికి సమను ఇవ్వవచ్చు. మగవాడికి. అలాంటివాడు లేకపోతే పదిహేడో రూలు ప్రకారం బయటి తలుపుకి అంటించి, సాక్షి పేరు రాసుకుని వెళ్లిపోవచ్చు.

అంటే ఆ రోజు ఆ గుమ్మంలో అమ్మమ్మ స్థానంలో బియ్యే చదివిన స్త్రీ ఉన్నా కాగితం తలుపుకే దక్కేది. అడిగి చేయిచాచిన మనిషి కంటే తలుపు నమ్మదగినది. దావా తనమీదే వేస్తే స్త్రీ సమను అందుకోవచ్చు. ఇంట్లోవాళ్ల తరఫున అందుకోవడానికి మాత్రం పనికిరాదు. ఇందిరాగాంధీ 1966లో ప్రధాని అయ్యాక కూడా పదేళ్లకు పైగా ఈ రూలు ఇలాగే ఉంది. 1976 సవరణలో "మగవారైనా ఆడవారైనా" అన్న మాట చేర్చారు, అది 1977 ఫిబ్రవరి 1 నుంచి అమలైంది. అదీ సివిల్ కోర్టుల్లోనే. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌ని 1973లో కొత్తగా రాసినప్పుడు కూడా అరవైనాలుగో సెక్షన్‌లో వయసొచ్చిన మగవాడినే ఉంచారు. ఆ మగవాడు చట్టంలోంచి తప్పుకున్నది 2024 జూలై 1న, నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చినప్పుడు. ఆ చట్టం గురించి నాకు చాలా అభ్యంతరాలున్నాయి, కానీ ఆ రోజు అరవైఆరో సెక్షన్ చదివి అమ్మకి ఫోన్ చేశాను. "మీ అమ్మమ్మ ఉంటే బాగుండేది" అంది.

అమ్మమ్మ కథలో రెండో సగం ఒకటుంది. కాగితం ఆవిడకి అందలేదు కానీ వేలం సంగతి అందింది. ఎలాగంటే చెవి ద్వారా. స్థిరాస్తి జప్తుచేస్తే ఆ సంగతి అక్కడ డప్పు కొట్టించి గానీ, వాడుకలో ఉన్న మరో పద్ధతిలో గానీ చాటించాలనీ, కాగితం కూడా అంటించాలనీ అదే కోడ్ చెబుతుంది. పొలం దగ్గర కొట్టిన డప్పు ఊళ్లోకీ వచ్చింది. వంటింట్లో ఉన్న అమ్మమ్మకి తాతయ్య పేరు, సర్వే నంబరు, తారీఖు స్పష్టంగా వినబడ్డాయి. చేతిలో గరిటెతోనే వీధిలోకి పరిగెత్తింది. "ఏరా, ఏం చాటుతున్నావురా?" అని అడిగింది, తనకంటే ఇరవై ఏళ్లు పెద్దవాణ్ణి. కాగితం అంటించినప్పుడు వేలిముద్ర వేసిన మనిషే అతను. "నాకేం తెలుసమ్మగారూ, చెప్పమన్నది చెబుతున్నా" అన్నాడు. చదువురాని ఇద్దరు మనుషులు, ఒక కాగితానికి అటూ ఇటూ. అతన్ని వెట్టికి కట్టేసిన కులం గురించీ, ఆవిడ నోట్లోని ఆ "ఏరా" గురించీ మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. మాకు పోయిన ఎకరం ఎనభై సెంట్ల గురించే మాట్లాడాం.

చాటింపు స్థానంలో కాగితం రావడం ఆధునికత అని మనం పాఠాల్లో చెబుతాం. నిజమే, డప్పు భారం కొన్ని కులాల వీపుమీద మోపిన వ్యవస్థ పోవలసిందే. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడి నుంచి మాదిగ దండోరా ఉద్యమం అదే డప్పుని తన గొంతుగా చేసుకుందంటే ఆ వాద్యం ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. కానీ ఆడవాళ్ల వైపు నుంచి చూస్తే ఇంకో కోణం కనిపిస్తుంది. చాటింపు వీధి వీధికీ వచ్చేది, గుమ్మం దాటకుండానే వినొచ్చు. నోటీసు చావడి గోడకి అంటుకుంది. దాన్ని చదవాలంటే అక్షరం రావాలి, అదొక్కటే చాలదు. చావడి దగ్గర, పదిమంది మగవాళ్లు కూర్చున్న రచ్చబండ పక్కన, తాపీగా నిలబడగలగాలి. మా ఊళ్లో చదువుకున్న ఆడపిల్లలు కూడా పంచాయతీ బోర్డు ముందు ఆగి చదవడం నేను చిన్నప్పుడు చూసిన జ్ఞాపకం లేదు. నడుస్తూ నడుస్తూ ఓరగా చదివేవాళ్లం. ఓరగా ఎంత చదవగలం?

బహిరంగ రాత ఆడవాళ్లకి ఎప్పుడూ పరాయిదే అని కూడా అనలేం. శాసనాలు ఆనాటి బోర్డులే కదా. కాకతీయుల వంశక్రమం మనకి తెలియడానికి ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి బయ్యారం చెరువు శాసనం. దాన్ని వేయించింది గణపతిదేవుడి సోదరి మైలమ, తను తవ్వించిన చెరువు దగ్గర. రుద్రమదేవి మరణం గురించి చెప్పే రాయి నల్లగొండ జిల్లా చందుపట్లలో ఉంది, 1289 నాటిది, పువ్వుల ముమ్మడి అనే సేవకుడు వేయించినది. రాణుల పేర్లు రాతికెక్కాయి, నిజమే. చెరువు మట్టి మోసినవాళ్ల పేర్లు ఏ రాయీ చెప్పదు.

పేరు బోర్డుకెక్కడం గురించి మన రిపబ్లిక్ మొదటి పాఠం ఓటర్ల జాబితాలతో నేర్చుకుంది. 1951–52 ఎన్నికల కోసం జాబితాలు తయారుచేస్తుంటే, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో, లక్షలాదిమంది స్త్రీలు తమ పేరు చెప్పకుండా ఫలానావాడి భార్యననో, ఫలానావాడి తల్లిననో రాయించుకున్నారు. మొదటి ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అలా కుదరదన్నాడు. పేర్లు చెప్పమని గడువిచ్చారు. చివరికి దాదాపు ఎనిమిది కోట్ల మహిళా ఓటర్లలో సుమారు 28 లక్షల మందిని జాబితా నుంచి తీసేశారు. సుకుమార్ సేన్ పట్టుదలని మన చరిత్రకారులు మెచ్చుకుంటారు. నేనూ క్లాసులో మెచ్చుకున్నాను. ఒక ఏడాది వెనక బెంచీ అమ్మాయి లేచి, "మేడమ్, పేరు చెప్పనివ్వనిది ఎవరో, ఓటు పోయింది ఎవరికో చూడండి" అంది. ఆ తర్వాత ఆ పాఠం మునుపటిలాగా చెప్పలేకపోయాను.

మేం పేరు బోర్డు మీద చూసుకుని భయపడే తరం. 1980 ప్రాంతంలో నేనున్న హాస్టల్లో గాజు తలుపూ తాళమూ ఉన్న నోటీసుబోర్డు ఒకటి మెస్‌ పక్కన ఉండేది. ఆరున్నర దాటి వచ్చిన అమ్మాయిల పేర్లు, వచ్చిన సమయంతో సహా, మర్నాడు పొద్దున అందులో ఉండేవి. గ్రంథాలయంలో ఆలస్యమైనా, బస్సు దొరక్కపోయినా ఒకటే జాబితా. ఆదివారాలు చూడడానికొచ్చే తల్లిదండ్రులంతా ముందు ఆ బోర్డు చదివి తర్వాత కూతుళ్లని పిలిచేవాళ్లు. మా సీనియర్ ఒకావిడ ఒక రాత్రి గాజు మీద సబ్బు పూసేసింది. అది ఎవరు చేశారో నలభై ఏళ్లయినా మేమెవరం చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. అంతకు ఆరేళ్ల ముందే, 1974లో, అదే హైదరాబాదులో పి.ఓ.డబ్ల్యూ. అమ్మాయిలు అశ్లీల సినిమా పోస్టర్లకి వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చారన్న సంగతి మాకు అప్పటికి ఎవరూ చెప్పలేదు. తెలిసుంటే సబ్బు దగ్గర ఆగేవాళ్లం కాదేమో.

గోడమీది పేరు భయం కాకుండా మరొకటి కాగలదని నాకు చూపించింది అనంతపురం జిల్లా. ఉపాధి హామీ పథకం మొదలైంది అక్కడే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. దీని వెనక రాజస్థాన్ అనుభవం ఉంది. 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్‌కిరానాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ మొదటి బహిరంగ విచారణ జరిపి, మస్టర్లలోని పేర్లు జనం ముందు గట్టిగా చదివించింది. చచ్చిపోయినవాళ్లకి కూడా కూలి ముట్టినట్టు ఇలాంటి విచారణల్లో తేలుతూ వచ్చింది. 1996లో బ్యావర్‌లో నలభై రోజుల ధర్నా, తొమ్మిదేళ్ల తర్వాత సమాచార హక్కు చట్టం. చట్టం కంటే ముందు నడిచింది ఆ గట్టిగా చదవడమే.

తనిఖీ చూడడానికి నేను ఒక ఊరెళ్లింది 2008 వేసవిలో. బడి ప్రహరీగోడ పొడుగునా నీలిరంగుతో గళ్లు గీసి రాశారు. పేరు, జాబ్‌కార్డు నంబరు, పనిచేసిన రోజులు, ముట్టిన కూలి. గోడ అంతా ఆడవాళ్ల పేర్లు. లక్ష్మమ్మలు, నాగమ్మలు, ఓబులమ్మలు, ఫకీరమ్మలు. ఏ పెళ్లిపత్రికలోనూ, పొలం పాస్‌బుక్‌లోనూ లేని పేర్లు రెండడుగుల ఎత్తు నుంచి ఆరడుగుల దాకా వరసలు తీరి ఉన్నాయి. సాయంత్రం పని నుంచి వచ్చినవాళ్లు పారలు గోడకానించి, బడిపిల్లల్ని పిలిచి చదివించుకుంటున్నారు. ఒకామె పేరు దగ్గర నలభైరెండు రోజులు అని ఉంది.

"నేను పోయింది ఇరవైనాలుగే" అందామె.

"మళ్లీ చదువు నాయనా" అంది పక్కామె. పిల్లవాడు మళ్లీ చదివాడు. నలభైరెండే.

ఆ పద్దెనిమిది రోజుల కూలి ఎవరు తిన్నారో అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ పేరెత్తలేదు. మర్నాడు గ్రామసభలో ఆమె లేచి, "గోడమీద నా పేరుంది, డబ్బు నా దగ్గర లేదు" అని ఆ రెండు ముక్కలే చెప్పి కూర్చుంది. ఆమె గొంతు వణికింది. డబ్బు తిరిగొచ్చిందా అంటే కొంత వచ్చిందని తర్వాత విన్నాను. ఆ తర్వాత రెండు సీజన్లు ఆమెని పనికి ఆఖర్న పిలిచారనీ విన్నాను. గోడమీది రాతని గొప్పచేసి చెప్పేటప్పుడు ఈ రెండో సంగతి కూడా చెప్పాలనుకుంటాను.

వేసవి దాటి మళ్లీ వెళ్లినప్పుడు గోడ సగం వెలిసిపోయింది. మిగతా సగం మీద గుట్కా ప్రకటన.

ఇక మా అమ్మాయి పొడి అక్షరాల దగ్గరికి వస్తాను. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి వేరే మతం అబ్బాయిని పెళ్లిచేసుకోవాలని 2017లో నన్ను సాయం రమ్మంది. ప్రత్యేక వివాహ చట్టం, 1954. కులమూ మతమూ మార్చుకోకుండా పెళ్లాడే హక్కిచ్చిన చట్టం అని నేనే వాళ్లకి పాఠంలో గర్వంగా చెప్పాను. అందులో ఆరో సెక్షన్ ప్రకారం వధూవరులిచ్చిన నోటీసుని ఆఫీసులో అందరికీ కనబడే చోట అంటించాలి. ఏడో సెక్షన్ ప్రకారం ముప్ఫై రోజుల్లోగా ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. హిందూ వివాహ చట్టం కింద పెళ్లాడే వాళ్లకి ఈ ముప్ఫై రోజుల బోర్డు లేదు. పెద్దలు కుదిర్చిన పెళ్లికి శుభలేఖ, వీళ్ల పెళ్లికి నోటీసు.

గుమాస్తా ఆ అమ్మాయి పేరు, పుట్టినతేదీ, ఇంటి చిరునామా ఉన్న కాగితాన్ని నాలుగు పిన్నులతో బోర్డుకి గుచ్చాడు. ఊరూరా తిరిగి బోర్డులు చదివే నేను జీవితంలో మొదటిసారి ఒక కాగితాన్ని ఎవరూ చదవకూడదని కోరుకున్నాను. ఆరో రోజు ఎవరో ఫోన్‌తో దాన్ని ఫొటో తీసుకున్నారు. పదో రోజుకి ఆ ఫొటో వాళ్ల నాన్న పనిచేసేచోట చేరింది. ఆ అమ్మాయి తక్కిన ఇరవై రోజులు మా ఇంట్లో వెనక గదిలో ఉంది. గేటు చప్పుడైతే చాలు, లైటు తీసేసేది. పెళ్లయింది, ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉద్యోగం చేసుకుంటున్నారు, బాగున్నారు. వాళ్ల అమ్మ మాత్రం నాతో ఈనాటికీ మాట్లాడదు. మాది ఒకే కాలనీ.

2020లో కేరళ ఈ నోటీసుల్ని వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపింది. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు ఆ జంట కోరితేనే నోటీసు ప్రచురించాలని తీర్పిచ్చింది. చట్టం పుస్తకంలో మాత్రం ఆ సెక్షన్లు అలాగే ఉన్నాయి. అమ్మమ్మకి అందాల్సిన కాగితం తలుపుకి అంటించినవాళ్లూ, ఈ అమ్మాయి దాచుకోవాల్సిన చిరునామాని బోర్డుకి గుచ్చినవాళ్లూ ఒకే మాట చెబుతారు, రూలు ప్రకారం చేశామని. నిజమే, ఆ ఇద్దరు ఉద్యోగులూ రూలు దాటలేదు.

అమ్మమ్మ ఇల్లు 2011లో పడగొట్టారు. మామయ్య పిల్లలు మూడంతస్తులు కట్టుకున్నారు. పాత కలప కొనే అతను తలుపులు ఊడదీయించి వరండాలో ఆనించి ఉంచినప్పుడు నేనూ అమ్మా వెళ్లాం. ఆ కాగితం అంటించిన ఆనవాలు ఏమైనా ఉందేమోనని బయటి తలుపంతా చేత్తో తడిమి చూశాను. పసుపు మరకలు, సున్నం చుక్కలు, ఎప్పటివో అంకెలు. వాటి మీద మళ్లీ మళ్లీ వేసిన ఆకుపచ్చ రంగు.

"అది కాదే, కుడి రెక్క" అంది అమ్మ. "ఇది ఎడమది. కుడి రెక్క ఆ పోయినేడు తుఫానుకే పోయింది."

కలప అతను ఎడమ రెక్కకి ఎనిమిది వందలు ఇచ్చాడు.